నేను వేడి ఆదా చేసిన చలికాలం

ముప్పై ఒక్క ఏళ్లు పవర్ హౌస్‌లో పనిచేశాను. ఊళ్లో ఎవరైనా ఏం పని అని అడిగితే కరెంటు తయారు చేస్తానని చెప్పుకునేవాణ్ణి. సగం అబద్ధం. నిజానికి నా పని వేడిని పారబోయడం.

మంచిర్యాల, నస్పూర్ వైపు ఐటీఐ చదివి కొత్తగా ప్లాంటుల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "తాతా, మీ కాలం ముచ్చట్లు చెప్పు" అంటారు. చెబితే మధ్యలో ఫోను చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. హెల్పర్‌గా చేరి ఆపరేటర్‌గా దిగాను. మధ్యలో ఉన్నవి రెండే మెట్లు, రెండో మెట్టు ఎక్కేసరికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. అంతే నా సర్వీసు చరిత్ర. నేను రాయదలుచుకున్నది నేను చేసిన ఒక తెలివైన పని గురించి. అంత తెలివైన పని మళ్లీ చేయకూడదని ఆ తర్వాత జీవితమంతా జాగ్రత్తపడ్డాను.

ముందు మిషను సంగతి

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. బొగ్గు కాల్చి నీళ్లను ఆవిరి చేస్తాం. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ కరెంటు పుట్టిస్తుంది. పని అయిపోయిన ఆవిరి కిందనున్న కండెన్సర్‌లోకి దిగుతుంది. కండెన్సర్ అంటే ఇల్లంత డ్రమ్ము, లోపల వేల గొట్టాలు, గొట్టాల్లో చల్లని నీళ్లు. ఆవిరి వాటికి తగిలి నీళ్లయి మళ్లీ బాయిలర్‌కు పోతుంది. గొట్టాల్లోని చల్లనీళ్లు వేడెక్కి కూలింగ్ టవర్‌కు పోతాయి. బస్సులో పోయేవాళ్లు దూరం నుంచి చూసి పొగ అనుకునేది ఆ టవర్ మీద లేచే ఆవిరినే.

బొగ్గులో ఉన్న వేడిలో మూడో వంతు మాత్రమే కరెంటు అవుతుంది. సుమారు సగం ఆ టవర్ నీళ్లలో పోతుంది. మిగిలింది చిమ్నీలో, బూడిదలో, అక్కడా ఇక్కడా. కండెన్సర్ కింద నిలబడి ఆ నీళ్ల వాల్వులు చూసుకోవడం నా డ్యూటీ. అంటే సగం బొగ్గును నా చేతుల మీదుగా ఆకాశంలోకి పంపేవాణ్ణి.

మా అవ్వ పొయ్యి

మాది హుజూరాబాద్ అవతల పల్లె. మా ఇంట్లో నిప్పు పారబోయడమనేది లేదు. అన్నం దిగగానే అదే నిప్పుల మీద కూర, కూర దిగగానే స్నానం నీళ్ల కుండ, ఆ తర్వాత బూడిదలో కందగడ్డలు. చివరికి మిగిలిన కణికలను బూడిద కప్పి పొద్దుటికి దాచేది మా అవ్వ. అగ్గిపెట్టె కొనేవాళ్లను చూసి నవ్వేది. బడికి పోలేదు కాబట్టి నేను చదివిన చదువంతా ఆ పొయ్యి దగ్గరే. ఆ చదువే నన్ను ముంచింది.

మా షిఫ్టు ఇంజనీరు సుగుణ మేడం. కరీంనగర్‌లో చదివి వచ్చింది. నాకంటే పదేళ్లు చిన్న, కోపం వస్తే నాకంటే పదేళ్లు పెద్ద. నెలకోసారి క్యాంటీన్ వెనక బోర్డు పెట్టి హెల్పర్లకు క్లాసు చెప్పేది. అప్పట్లో ఇంకెవరూ అలా చెప్పేవారు కాదు. ఒకరోజు బోర్డు మీద బొమ్మ గీసి ఎంత వేడి ఎటు పోతుందో చెప్పింది. నేను లేచి నిలబడ్డాను.

"మేడం, మా ఇంట్ల గిట్ల పొయ్యి ఎలగవెడ్తే మా అవ్వ చీపురు తీస్తది. సగం మంట గాలిల కలుపుడేంది?"

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి, "గది పారబోసుడు కాదు ఓదెలూ, పారబోయకుంటే మిషనే నడువదు" అంది. ఇంకా ఏదో చెప్పింది కానీ నేను వినలేదు. నా మాటకు నలుగురు నవ్వారు కదా, ఆ ఖుషీలో ఉన్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో నేను వినకుండా వదిలేసిన మాటల్లో అన్నిటికంటే ఖరీదైనది అదే.

చదువుకున్న వాళ్లకు పొదుపు తెలియదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

నాలుగు చుట్లు

చలికాలం వచ్చింది. కండెన్సర్ నుంచి నీళ్లు బయటికి పోయే పైపు మీద నిలువెత్తు చక్రం ఉంటుంది. దాన్ని మూసే వైపు తిప్పితే నీళ్లు తక్కువ పోతాయి. నీళ్లు తక్కువ పోతే వేడి కూడా తక్కువ పోతుంది, పోనిది మిషన్‌లోనే మిగులుతుంది కదా. మా అవ్వ లెక్క ప్రకారం దీనికి ఎదురులేదు.

ఒక మధ్యాహ్నం నాలుగు చుట్లు తిప్పాను. ఏమీ కాలేదు. మర్నాడు ఇంకో నాలుగు. బాయిలర్‌కు తిరిగిపోయే నీళ్ల పైపు మీద థర్మామీటర్ ఉంది. దాని గీత రెండు మూడు గడులు పైకి లేచింది. బాయిలర్‌కు వెచ్చటి నీళ్లు పోతున్నాయి, అంటే బొగ్గు తక్కువ కాలుతుంది! సైన్సును ఓడించానని నాకు రూఢి అయింది. పండగ లోపు చుట్లు ముప్పై ఆరయ్యాయి. సరైన సమయం చూసి మేడంకు చెప్పాలని, చెప్పేటప్పుడు ప్లాంటు పెద్ద సారు కూడా పక్కన ఉండాలని అనుకున్నాను. ఏ చొక్కా వేసుకోవాలో కూడా అనుకున్నాను.

ఇక్కడ జీవరత్నం సంగతి చెప్పాలి. టర్బైన్ డెస్క్ దగ్గర ఆపరేటర్, ప్రొబేషన్ మీద ఉన్న పిల్లగాడు. మెథడిస్టు చర్చి వాళ్లు. తల్లిదండ్రులు కూలికి పోయి చదివించారు, ఆ ఇంట్లో మొదటి సర్కారు జీతం అతనిదే. గంటగంటకూ నేను కింద చూసి వచ్చి నోటితో చెప్పేది, అతను లాగు షీటులో, అంటే గంటగంట రీడింగుల కాగితంలో, రాసేది. నాకు రాయడం రాదు, హాజరుకు వేలిముద్ర వేసేవాణ్ణి. "అన్నా, నువ్వు చెప్పుడు నేను రాసుడు, గిట్ల ఎన్నొద్దులు?" అని అతనే పాత షీట్ల వెనక నాకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాడు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. నా పేరు, మరికొన్ని మాటలు వచ్చాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ఆ చలికాలమంతా అతను రోజూ అడిగేవాడు.

"కండెన్సర్ వాల్వు?"

"పూరా ఖుల్లా, తమ్మీ."

అతను "ఫుల్ ఓపెన్" అని రాసుకునేవాడు. అబద్ధం చెబుతున్నానని నాకు తోచనే లేదు. ఆశ్చర్యపరచబోతున్నాను, అంతే. మిగతా షిఫ్టుల వాళ్లు మాత్రం కిందికి దిగి చూసేవాళ్లా? పాత షీటు చూసి కొత్త షీటు నింపేవాళ్లు. వాల్వు ఎంత తెరిచి ఉందో చూపించే ముల్లు మీద బొగ్గుదుమ్ము వేలు మందం పేరుకుని ఉండేది.

కొవ్వొత్తి పట్టుకుని

ఎండలు ముదిరాయి. మా వైపు ఎండలు మీకు తెలిసినవే. యూనిట్ లోడు పడిపోయింది. బొగ్గు అంతే కాలుతోంది, కరెంటు తగ్గింది. వాక్యూమ్ పోతోందన్నారు. ఆవిరి చల్లబడి నీళ్లయినప్పుడు కుంచించుకుపోయి కండెన్సర్‌లో గాలి లేని ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీయే టర్బైన్‌లోంచి ఆవిరిని కిందికి లాగేది. దాన్నే వాక్యూమ్ అంటాం. ఎక్కడో సందులోంచి గాలి దూరుతుందేమోనని వెతకడం మొదలైంది.

వెతికింది ఎవరు? నేను. వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని ఒక్కో జాయింటు దగ్గర ఆపాలి. సందు ఉంటే మంట లోపలికి గుంజుకుంటుంది. రెండు వారాలు మేడం వెనక నిచ్చెనలు ఎక్కాను, దిగాను. చొక్కా నిండా మైనం. దొంగను పట్టుకోవడానికి పోలీసులు దొంగ చేతికే టార్చి ఇచ్చినట్టుంది ఆ పని. ఇంతకూ నేను దొంగనని నాకు తెలియదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. లోడు పడిపోయిందని అందరూ పరేషాన్ అవుతుంటే నేను ఏం చేశానంటే, కష్టకాలంలో పొదుపు ఇంకా పెంచాలని మరో పది చుట్లు మూశాను.

పదిహేనో రోజు మధ్యాహ్నం మేడం కొవ్వొత్తి ఊదేసి, కండెన్సర్‌లోకి వచ్చే నీళ్ల వేడి, బయటికి పోయే నీళ్ల వేడి పక్కపక్కన రాసుకుంది. చాలాసేపు ఆ కాగితం చూసింది.

"గాలి కాదు ఓదెలూ. నీళ్లే తక్కువ పోతున్నయ్. పోయే నీళ్లు గింత కాలుతున్నయేంది?"

నేరుగా నా చక్రం దగ్గరికి నడిచింది. చీర కొంగుతో ముల్లు మీద దుమ్ము తుడిచింది. ఇద్దరు మనుషులను పెట్టి, పక్కన నిలబడి తెరిపించింది. సాయంత్రానికి వాక్యూమ్ తిరిగి వచ్చింది, దాని వెనకే లోడు లేచింది. ఇన్నాళ్లూ వెతికిన దొంగ నేనేనని నాకు అప్పుడు తెలిసింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను.

మర్నాడు జీవరత్నం చేతికి మెమో వచ్చింది. వాల్వు మూసి ఉండగా "ఫుల్ ఓపెన్" అని తప్పుడు రాతలు రాసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకుంటే ప్రొబేషన్ రద్దు. మూడు షిఫ్టుల వాళ్లూ అదే రాశారు. కానీ పర్మనెంట్ అయినవాడికి నోటి మందలింపు, ప్రొబేషన్ వాడికి కాగితం. ఉద్యోగంలో చేరే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నన్ను ఎవరూ అడగలేదు. చదువు రాని హెల్పరు, చెప్పింది చేస్తాడు, వాణ్ణి అడిగేదేముంది? జీవరత్నం కూడా నా పేరు ఎత్తలేదు. "సూడకుంట రాసిన, తప్పు నాదే" అన్నాడట. అది నిజమే, అతని తప్పూ ఉంది. ఆ నిజాన్ని పట్టుకుని నేను రెండు రోజులు వేలాడాను.

లచ్చవ్వ మాట

మూడో రోజు పొద్దున మా ఇంటిది లచ్చవ్వ జొన్న గటక గిన్నె ముందు పెట్టింది. నేను కెలుకుతూ కూర్చున్నాను. అప్పటికే ఆమెకు సంగతంతా చెప్పి ఉన్నాను.

"ఆ పిల్లగాని నౌకరి ఇయ్యాల పోతదంటివి. నువ్వేమో గటక జూసుకుంట గూసున్నవ్."

"నాదే పోతే? ఇంట్ల నలుగురున్నరు."

"మరి ఆ పిల్లగాని ఇంట్ల గడ్డపారలు తింటరా?"

ఆమె చెంబు కింద పెట్టింది.

"సదువు రాదని ఇన్నొద్దులు సిగ్గువడ్డవు. ఇయ్యాల గా సదువు రాకపోవుడు సాటుకే దాసుకుంటున్నవా?"

గటక సగంలో వదిలేసి లేచాను. దారిలో చాయ్ దుకాణం బల్ల మీద కూర్చుని, జేబులోని పాత లాగు షీటు వెనక రాశాను. పెద్ద ఉత్తరం కాదు. "వాల్వు నేను తిప్పిన. జీవరత్నంకు తెల్వదు. ఓదెలు." దీనికి దాదాపు గంట పట్టింది. దుకాణం అతను మధ్యలో వచ్చి, "ఏం రాస్తున్నవే, వీలునామానా?" అని అడిగాడు.

మేడం చదివింది. నన్ను చూసింది. మళ్లీ చదివింది.

"ఎందుకు తిప్పినవ్?"

"వేడి ఆదా జేద్దామని, మేడం."

ముందు నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి టక్కున ఆగిపోయింది. "పదిహేనొద్దులు నాతోని కొవ్వొత్తి వట్టుకొని తిరిగినవ్ గదా, మనిషివేనా?"

"గప్పుడు నాకు నిజంగనే తెల్వదు మేడం. తెలిసినంక రెండొద్దులు తెల్వనట్టున్న. తప్పు గది."

నన్ను వెంటబెట్టుకుని పెద్ద సారు గదికి పోయింది. సారు హైదరాబాద్ మనిషి, మమ్మల్ని పేరు పెట్టి పిలిచినది లేదు. కాగితం చూసి బల్ల మీద పడేశాడు.

"ఇతను హాజరుకు వేలిముద్ర వేస్తాడు. ఇది ఆ కుర్రాడు రాసి ఇప్పించిందే. ఎంత ఇచ్చాడు నీకు?"

నేను చేసిన నేరాన్ని నాది అని నమ్మించడం ఇంత కష్టమని నాకు తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లు అక్షరం రాకుండా బతికినందుకు శిక్ష ఆ గదిలో పడింది.

"సారూ, పెన్ను ఇయ్యిండ్రి" అన్నాను.

సారు ముందు నిలబడి అదే ముక్క మళ్లీ రాశాను. వాల్వులోని 'వా' బల్లిలా తోక ఊపింది. సారు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. రాయడం అయ్యాక కూడా, "నేర్పించి పంపారు" అన్నాడు.

అప్పుడు మేడం నా వైపు తిరిగింది.

"ఓదెలూ, మొత్తం ఎన్ని చుట్లు మూసినవ్?"

"నలభై ఆరు మేడం. చలికాలంల ముప్పై ఆరు, మొన్న పది."

మేడం తన చిన్న పుస్తకం తెరిచి సారు ముందు పెట్టింది. తెరిపించినప్పుడు ఆమె లెక్కపెట్టి రాసుకున్నది, ఎవరికీ చెప్పనిది, నలభై ఆరు. రాయడం వచ్చినవాడు కాగితం మీద పెట్టి మరిచిపోతాడు. నాకు ఆ సౌకర్యం లేక అన్నీ తలలో ఉండేవి.

మేడం చెప్పిన లెక్క

జీవరత్నం మెమో హెచ్చరికతో పోయింది. నాకు నెల సస్పెన్షన్, ఆపైన ఏడాది బూడిద సెక్షన్. తక్కువే వేశారు. సస్పెన్షన్ కాగితం ఇచ్చేటప్పుడు మేడం నన్ను కూర్చోబెట్టింది. క్యాంటీన్ వెనక నేను వినని మాటను రెండోసారి చెప్పింది. పిల్లలూ, ఈ రాతలో ఒక్క భాగమే చదివితే ఇదే చదవండి.

"కాలువ నీళ్లు మడిల పారాలంటే ఏం కావాలె?"

"పల్లం గావాలె మేడం."

"వేడి సుత గంతే. పైన కాగే ఆవిరి, కింద సల్లని నీళ్లు, ఆ రెండిట్ల నడుమ దిగుడే మనకు పని ఇచ్చేది. నువ్వేం జేసినవ్? కింద పల్లం పూడ్చి, నీళ్లు మిగిలిచ్చిన అన్నవ్."

"మరి గా పారవోసే వేడి ఉత్తగ పోవుడేనా?"

"గా నలభై అయిదు డిగ్రీల నీళ్లతోని అన్నం వండుతవా?"

"వండ. తానం జేస్త."

"గదే. తానానికి పనికొచ్చే వేడి టర్బైన్‌కు పనికి రాదు. మీ అవ్వ జేసింది కరెక్టే, ఆమె నిప్పులతోని నీళ్లు కాగవెట్టింది. మళ్ల అన్నం ఎసరు వెట్టలే."

ఆవిరిని ఇంకా ఎక్కువ కాగబెడితే పల్లం పెరుగుతుంది కదా అన్నాను. పెరుగుతుంది, కానీ గొట్టాల ఇనుము బెల్లం పాకంలా మెత్తబడుతుంది అంది. అటు ఇనుము ఆపుతుంది, ఇటు గోదావరి నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంతే. రెండింటి మధ్య ఏ లోపం లేని మిషను, దేవుడే దిగివచ్చి బిగించినా, వందలో అరవై చిల్లర దాటదట. మొత్తం వేడి కరెంటు కావాలంటే కింది నీళ్లు మంచుకన్నా రెండు వందల డెబ్బై మూడు డిగ్రీలు చల్లగా ఉండాలట. "గంత సల్లన మంచిర్యాలల దొరకదు" అంది.

"మనది ఎంత మేడం?"

"ముప్పై అయిదు."

"అరవైకి, ముప్పై అయిదుకు నడుమది?"

"గది మిషన్ లోపం, మన లోపం. ఆడ ఎంతన్న కొట్లాడు. అరవై పైన ఉన్నదాంతోని కొట్లాడకు, అది సృష్టి."

చలికాలంలో నేను చేసింది పూర్తిగా పిచ్చిపని కాదని కూడా చెప్పింది. నీళ్లు మరీ చల్లగా ఉన్నప్పుడు కొంచెం తగ్గించడం ఉంటుందట, చూసుకుంటూ, చెప్పి చేస్తే. ఆ మాట విన్నాక నాకు ఎక్కువ సిగ్గేసింది. పూర్తి మూర్ఖుణ్ణయినా బాగుండేది. సగం తెలిసి, నోరు మూసుకుని చేసినవాణ్ణి.

ఇప్పటి యూనిట్లలో ఆవిరి ఇంకా వేడి, ఇనుము ఇంకా మంచిది, అయినా వందలో సగం దాటడం లేదు. దుబాయిలో ఉన్న మా మేనల్లుడు నూనె లేకుండా తనంత తానే తిరిగే ఇంజను వీడియోలు పంపుతుంటాడు. చూసి దండం పెట్టే బొమ్మ పంపిస్తాను. నలభై ఆరు చుట్లు తిప్పినవాణ్ణి, నవ్వే హక్కు నాకు లేదు.

ఏడాది తర్వాత

బూడిద సెక్షన్ నుంచి మళ్లీ టర్బైన్ వైపు వచ్చిన మొదటి రోజు. జీవరత్నం అప్పటికి పర్మనెంట్ అయ్యాడు, తోటివాళ్ల కంటే మూడు నెలలు ఆలస్యంగా. ఆ ఏడాదంతా నాతో మాట్లాడలేదు. ఎదురైతే తల వంచుకుని పోయేవాడు. నేను కండెన్సర్ చూసి పైకి వచ్చి డెస్క్ ముందు నిలబడ్డాను. ఎప్పటిలా "వాల్వు?" అని అడుగుతాడనుకున్నాను. లాగు షీటు నా వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టాడు.

"గా గడి నువ్వే నింపు."

"నాకు ఇంగిలీసు రాదు గద తమ్మీ."

"తెలుగుల రాయి. వాల్వుకు భాష తెల్వది."

పెన్ను పట్టుకుని "ఫు" వరకు రాశాను. ఆగిపోయాను. పెన్ను కింద పెట్టి మెట్లు దిగి, భుజం మీది తువ్వాలతో ముల్లు తుడిచి, వంగి చూసి, మళ్లీ మెట్లెక్కి వచ్చాను. ఆయాసం వచ్చింది.

"ఎటు వోయినవ్?"

"సూసొచ్చిన."

"ఇప్పుడే గద సూసి వచ్చినవ్?"

"గప్పుడు సూసింది చెప్పుటానికి. ఇది రాసుటానికి."

జీవరత్నం తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి నా వైపు జరిపాడు. నేను ముందు గడి నింపాను, ఒక్కో అక్షరం, కింద నా పేరుతో సహా. అయ్యేసరికి చాయ్ పూర్తిగా చల్లారిపోయింది. పోయిన ఆ వేడి గురించి నాకు రవ్వంత బాధ కలగలేదు.